పండాల బహీల్లో దొరికిన చిత్రకారులు

పన్నెండేళ్ళ కిందట మా నాన్నగారి పిండప్రదానం కోసం మేము గయ వెళ్ళాము. మమ్మల్ని కూర్చోబెట్టిన పండా గారు, అంటే అక్కడి తీర్థపురోహితులు, మొదట గోత్రం అడగలేదు. ఊరు, తాలూకా, ఇంటిపేరు అడిగారు. చెప్పగానే లోపలికి వెళ్ళి, ఎర్ర గుడ్డలో చుట్టిన పొడుగాటి పుస్తకం ఒకటి తెచ్చి, అంచులు నలిగిన కాగితాలను ఓపికగా తిప్పుతూ ఒకచోట ఆగి, దానిని మా వైపు జరిపారు. అక్కడ మా తాతగారి చేతిరాత ఉంది. 1938 నాటి తేదీ వేసి, తన తండ్రి పేరు, తాత పేరు, వెంట వచ్చిన తల్లి పేరు, ఇద్దరు తమ్ముళ్ళ పేర్లు తెలుగులో రాసి, వృత్తి కరణీకం అని చేర్చి, కింద సంతకం చేశారు. తాతగారికి ఒక్కడే తమ్ముడని మేమంతా అనుకుంటూ వచ్చాము. ఆ రెండో తమ్ముడి పేరు మా ఇంట్లో ఎవరి నోటా నేను వినలేదు. మా అన్నయ్య ఆ పేరును రెండుసార్లు పైకి చదివి, ఆ తరువాత చాలాసేపు మాట్లాడలేదు.

ఆ పుస్తకాలను ఉత్తరాదిన బహీలంటారని, వాటిని ఆధారం చేసుకుని ఒక ఆచార్యుడు భారతీయ చిత్రకళాచరిత్రలో ఒక పెద్ద అధ్యాయాన్ని తిరగరాశారని నాకు అప్పటికి తెలియదు. తరువాత కొంతకాలానికి బి. ఎన్. గోస్వామి రచనలు చదవడం మొదలుపెట్టినప్పుడు, గయలో నేను చూసిన ఆ పేజీ పదే పదే నా కళ్ళముందు నిలిచింది. కళా విమర్శకుడిగా, ఆచార్యుడిగా, ప్రదర్శనల క్యూరేటర్‌గా ఆయన అరవై ఏళ్ళకు పైగా పనిచేశారు. 2023 నవంబరు 17న చండీగఢ్‌లో తన తొంభయ్యవ ఏట కన్నుమూశారు. ఆయన గురించి తెలుగులో వివరంగా రాసినవారు నాకు కనిపించలేదు కనుక, ఒక పాఠకుడిగా నేను అర్థం చేసుకున్నంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

బ్రిజిందర్ నాథ్ గోస్వామి 1933 ఆగస్టు 15న, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సర్గోధాలో పుట్టారు. తండ్రి న్యాయమూర్తి. దేశవిభజన నాటికి ఆయనకు సరిగ్గా పద్నాలుగేళ్ళు. పుట్టినరోజే స్వాతంత్ర్య దినమైంది, పుట్టిన ఊరు పరాయి దేశమైంది. పంజాబ్ విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివి, 1956లో ఐఏఎస్‌కు ఎంపికై, బీహార్ కేడర్‌లో చేరారు. రెండేళ్ళకే, 1958లో, ఆ ఉద్యోగానికి రాజీనామా చేసి పరిశోధనకు వచ్చేశారు. కలెక్టరు కావడమే జీవితపరమార్థమని పిల్లలకు నూరిపోసే ఇళ్ళు మన దగ్గర ఈనాటికీ ఎన్ని ఉన్నాయో ఆలోచిస్తే, ఆ కాలంలో ఒక యువకుడు కాంగ్రా చిత్రాల కోసం ఆ కుర్చీని వదులుకోవడం ఎంత పెద్ద నిర్ణయమో అర్థమవుతుంది. కాంగ్రా చిత్రకళ, దాని సామాజిక నేపథ్యం ఆయన పరిశోధనాంశం. 1961లో డాక్టరేట్ వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆయనకు ముందు పహాడీ చిత్రాల మీద, అంటే కాంగ్రా వంటి హిమాలయపు కొండరాజ్యాల చిత్రాల మీద, పనిచేసినవారిలో ఇద్దరు ముఖ్యులు, డబ్ల్యూ. జి. ఆర్చర్, ఎం. ఎస్. రంధావా, ఐసీఎస్ అధికారులే. ఆర్చర్ కూడా బీహార్‌లోనే ఉద్యోగం చేసి, తరువాత లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భారతీయ విభాగానికి అధిపతి అయ్యారు. రంధావా కొండసీమల పాత రాజకుటుంబాల ఇళ్ళకు స్వయంగా వెళ్ళి, చిత్రాలను సేకరించి, చండీగఢ్ మ్యూజియానికి చేర్చారు. భూమిశిస్తుకు సంబంధించిన జమాబందీ లెక్కలు, బందోబస్తు దస్తావేజులు, కుటుంబాల తగాదా కాగితాలు ఎక్కడ దొరుకుతాయో, వాటిని ఎలా చదవాలో పరిపాలన చేసినవారికి తెలిసినట్టు కేవలం సౌందర్యశాస్త్రం చదివినవారికి తెలియదు. గోస్వామి ఉన్నది రెండేళ్ళే అయినా, ఆ చూపు ఆయనను వదలలేదని నేను నమ్ముతాను. 1967లో ఆయన జె. ఎస్. గ్రేవాల్‌తో కలిసి ప్రచురించిన పుస్తకం చిత్రాల గురించి కాదు. జఖ్‌బర్ అనే చోట ఉన్న జోగుల మఠానికి మొఘల్ పాదుషాలు ఇచ్చిన పారశీక దానపత్రాల గురించి. చిత్రకళాచరిత్రకారుడికి కన్ను ఒక్కటే చాలదని, కాగితం చదవడం కూడా రావాలని ఆయన మొదటి నుంచీ అనుకున్నట్టు ఈ పుస్తకం చెబుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. హిమాలయాల పడమటి కొండల్లో, ఇప్పటి హిమాచల్ ప్రదేశ్, జమ్మూ ప్రాంతాల్లో, పదిహేడు నుంచి పంతొమ్మిదవ శతాబ్దం దాకా చిన్న చిన్న రాజ్యాలు అనేకం ఉండేవి. గులేర్, కాంగ్రా, బసోలీ, చంబా, మండీ, జస్రోటా, నూర్‌పూర్ వాటిలో కొన్ని. ఆ రాజ్యాల్లో గీసిన సూక్ష్మచిత్రాలను పహాడీ చిత్రాలంటారు. ఆనంద కుమారస్వామి 1916లో రాజపుత్ర చిత్రకళ మీద తన గ్రంథం ప్రచురించి వీటి గొప్పతనాన్ని లోకానికి చాటారు. ఆ తరువాత యాభై ఏళ్ళు పండితులు వీటిని రాజ్యాల వారీగా వర్గీకరిస్తూ వచ్చారు: ఇది బసోలీ శైలి, ఇది గులేర్ శైలి, ఇది కాంగ్రా శైలి అని. రాజు పేరు, రాజ్యం పేరు ఉండేవి; గీసినవాడి పేరు మాత్రం ఉండేది కాదు. ఎవరైనా అడిగితే, మన కళాకారులు వినయం వల్ల పేరు రాసుకోలేదని, అహంకారం చంపుకుని అజ్ఞాతంగా ఉండిపోయారని ఒక అందమైన జవాబు వచ్చేది.

గోస్వామి ఆ అందమైన జవాబుతో తృప్తిపడలేదు. ఆయన ప్రశ్న చాలా మామూలుది. చిత్రకారుడు ఒక రాజ్యంలో పుట్టి, మరొక రాజ్యంలో కొలువు చేసి, ఇంకొక రాజ్యంలో చనిపోతే, అతని శైలిని ఏ రాజ్యానికి కట్టాలి? కొండ దాటితే రాజ్యం మారిపోయే చోట, పనివాడు పని ఉన్న చోటికి వెళతాడు. వెళ్ళినా, అతని చెయ్యి మాత్రం తండ్రి దగ్గర నేర్చుకున్నదే. కనుక శైలిని రాజ్యంలో కాక, చిత్రకారుడి ఇంట్లో వెతకాలని ఆయన అన్నారు. అనడం సులువే. పేర్లే తెలియనివారి ఇళ్ళను ఎక్కడ వెతకాలి?

చిత్రాల వెనుక, అంచుల మీద, టాక్రీ లిపిలో అక్కడక్కడా ఒకటి రెండు ముక్కలు రాసి ఉండేవి. టాక్రీ అంటే ఆ కొండల్లో లెక్కలకు, ఉత్తరాలకు వాడిన లిపి. ఆ రాతల్లో దొరికిన కొద్దిపాటి పేర్లను పట్టుకుని గోస్వామి హరిద్వార్ పండాల దగ్గరకు వెళ్ళారు. పండాల మధ్య యాత్రికుల పంపకం ప్రాంతం వారీగా, కులం వారీగా ఉంటుంది. ఫలానా కొండసీమ నుంచి వచ్చిన ఫలానా కులంవారు ఎప్పుడు వచ్చినా ఒకే పండా కుటుంబం దగ్గరకు వెళతారు. వచ్చినవాడు తన ఊరు, కులం, తండ్రి, తాత, అన్నదమ్ములు, కొడుకుల పేర్లు, ఎవరి అస్థికలు తెచ్చాడు, వెంట ఎవరు వచ్చారు అన్నవన్నీ బహీలో రాస్తాడు, లేదా రాయిస్తాడు. అవి పండాల సొంత ఆస్తి. యజమానుల మీద, అంటే తమ దగ్గరకు వచ్చే యాత్రికుల కుటుంబాల మీద, వారి హక్కుకు అవే రుజువు. కనుక వాటిని ముక్కు మొహం తెలియని మనిషికి చూపించరు. వారిని ఒప్పించి, గుడ్డ మూటలు విప్పించి, శతాబ్దాల నాటి రాతలను పేజీ పేజీగా చదవడానికి ఎంత ఓపిక కావాలో నేను గయలో ఆ ఒక్క పేజీ కోసం గంటసేపు కూర్చున్న అనుభవంతో కొంత ఊహించగలను.

ఆ పేజీల్లో చిత్రకారులు దొరికారు. గులేర్‌కు చెందిన పండిత్ సేవూ, అతని ఇద్దరు కొడుకులు మానకు, నైన్‌సుఖ్, మానకు కొడుకులు ఫత్తూ, ఖుశాలా, నైన్‌సుఖ్ కొడుకులు కామా, గౌధూ, నిక్కా, రాంఝా, వారి తరువాత వారి పిల్లలు, ఇలా ఒక కుటుంబం మొత్తం తరాల వరుసలో బయటకు వచ్చింది. వారి కులం తర్ఖాన్, అంటే వడ్రంగులు. చెక్క పనిచేసే ఇంట్లో నుంచి కుంచె పట్టిన చేతులు వచ్చాయన్నమాట. 1763లో తన ప్రభువు బల్వంత్ సింగ్ అస్థికలతో హరిద్వార్ వెళ్ళిన నైన్‌సుఖ్, పండా గారి బహీలో తన వివరాలు రాయడమే కాక, అక్కడే ఒక బొమ్మ కూడా గీసి పెట్టాడు. లెక్కల పుస్తకంలాంటి ఆ కాగితం మీద, ఇద్దరు యాత్రికుల నమోదుల నడుమ, భారతదేశపు గొప్ప చిత్రకారుల్లో ఒకడి గీత రెండు వందల ఏళ్ళు ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. వినయం వల్ల అజ్ఞాతంగా ఉండిపోయారన్న మాట ఎంత తప్పో చెప్పడానికి ఈ ఒక్క బొమ్మ చాలు. వారు పేరు దాచుకోలేదు. మనం వెతకవలసిన చోట వెతకలేదు.

ఈ పరిశోధన ఫలితాన్ని ఆయన 1968లో మార్గ్ అనే కళల పత్రికలో ఒక సుదీర్ఘ వ్యాసంగా ప్రచురించారు. పహాడీ చిత్రకళలో శైలికి ఆధారం కుటుంబమే అన్నది ఆ వ్యాసం సారాంశం. గోస్వామి పేరు చెప్పగానే చాలామందికి విదేశాల్లో ఆయన ఏర్పాటు చేసిన ప్రదర్శనలు, దళసరి కాగితం మీద అచ్చయిన పెద్ద పుస్తకాలు గుర్తుకు వస్తాయి. నా వరకు, ఆయన జీవితంలో అన్నిటికంటే గొప్ప పని ఈ వ్యాసమే. తరువాత చేసినవన్నీ దీని మీద కట్టిన మేడలు.

నైన్‌సుఖ్ సంగతే తీసుకుంటే ఈ మార్పు ఎంత పెద్దదో తెలుస్తుంది. గులేర్‌లో పుట్టిన అతను సుమారు 1740 ప్రాంతంలో జస్రోటా వెళ్ళి బల్వంత్ సింగ్ కొలువులో చేరాడు. ఆ ప్రభువు చనిపోయిన తరువాత బసోలీ రాజు అమృత్ పాల్ దగ్గర పనిచేసి, 1778లో మరణించాడు. పాత పద్ధతిలో అయితే అతని చిత్రాలు మూడు రాజ్యాల శైలుల కింద మూడు గదుల్లో చెదిరిపోయేవి. ఇప్పుడు అవన్నీ ఒక మనిషి జీవితంగా ఒకచోట చేరాయి. ఆ జీవితంలో అపురూపమైన భాగం బల్వంత్ సింగ్‌తో గడిపిన సంవత్సరాలు. ఆయనేమీ మహారాజు కాదు, చరిత్ర పుస్తకాల్లో ఒక వాక్యానికైనా నోచుకునేవాడు కాదు. కానీ నైన్‌సుఖ్ ఆయనను గడ్డం కత్తిరించుకుంటుండగా గీశాడు, గుడారంలో ఒంటరిగా కూర్చుని ఉత్తరం రాసుకుంటుండగా గీశాడు. సింహాసనం మీద కూర్చోబెట్టి, తల వెనుక కాంతివలయం పెట్టి గీసే కాలంలో, మంగలి ముందు తల వంచిన రాజును గీయడానికి, గీయనివ్వడానికి ఆ ఇద్దరి మధ్య ఎంత చనువు ఉండాలి!

వాటిలో ఒక చిత్రాన్ని నేను ముద్రిత రూపంలోనే చూశాను కానీ, చాలాసార్లు, చాలాసేపు చూశాను. అది ఇప్పుడు జ్యూరిక్‌లోని రీట్‌బర్గ్ మ్యూజియంలో ఉంది. బల్వంత్ సింగ్ కూర్చుని, హుక్కా దగ్గర పెట్టుకుని, ఒక చిత్రాన్ని చేతుల్లోకి తీసుకుని చూస్తున్నాడు. ఎదురుగా పాటగాళ్ళు, వాద్యగాళ్ళు ఉన్నారు. కానీ ఆయన చూపు వారి మీద లేదు, చేతిలోని బొమ్మ మీద ఉంది. ఆయన వెనుక ఒక మనిషి కొంచెం ముందుకు వంగి నిలబడ్డాడు. అతను నైన్‌సుఖే అని గోస్వామి గుర్తించారు. తన బొమ్మను ఎదుటివాడు చూస్తుంటే, ఏమంటాడో అని ఎదురుచూసే మనిషి నిలబడే తీరు అది. కవి కావ్యం వినిపించి ప్రభువు ముఖం వైపు చూసే సన్నివేశాన్ని మన చాటుకథల్లో ఎన్నోసార్లు విన్నాము. ఇక్కడ ఒక చిత్రకారుడు ఆ క్షణాన్ని స్వయంగా గీసి పెట్టాడు. గోస్వామి ఆ వంగిన నడుమును చూపించకపోయి ఉంటే, నేను దానిని ఒక సేవకుడి నడుము అనుకుని దాటిపోయేవాడిని.

ఈ సిద్ధాంతానికి అభ్యంతరాలు లేవని కాదు. కుటుంబమే శైలికి ఆధారమైతే, ఒకే తండ్రి దగ్గర నేర్చుకున్న మానకు, నైన్‌సుఖ్‌ల చిత్రాలు ఒకదానికొకటి ఇంత దూరంగా ఎందుకున్నాయి? మానకు గీసిన 1730 నాటి గీతగోవింద చిత్రాల్లో వెనుక తెర ఒకే చిక్కటి రంగుతో చదునుగా ఉంటుంది. చెట్లు, మనుషులు ఆ రంగు మీద అతికించినట్టు గంభీరంగా నిలబడతారు. లోకం ఎలా కనిపిస్తుందన్న దాని కంటే ఎలా ఉండాలన్న దాని మీదే అతని దృష్టి. తమ్ముడు నైన్‌సుఖ్ మొఘల్ చిత్రకళ నుంచి ఎంతో గ్రహించాడు. మనిషి ముఖంలోని ముడతను, తలపాగా జారిన తీరును, బాకా ఊదేవాడి ఉబ్బిన బుగ్గను అతను విడిచిపెట్టలేదు. ఈ తేడాను గోస్వామి దాచలేదు. దాని నుంచే తన ఆలోచనను ముందుకు తీసుకువెళ్ళారు. 1968లో కుటుంబం గురించి రాసిన ఆయన, 1997లో నైన్‌సుఖ్ ఒక్కడి మీద, 2017లో, తన ఎనభై నాలుగవ ఏట, మానకు ఒక్కడి మీద సమగ్ర గ్రంథాలు ప్రచురించారు. రాజ్యం నుంచి ఇంటికి, ఇంటి నుంచి మనిషికి ఆయన నడిచిన దారి అది. పేరు తెలియని తరువాతి తరంవారి చిత్రాలను నైన్‌సుఖ్, మానకుల తరువాతి మొదటి తరం అనే ఒక్క శీర్షిక కింద చేర్చడం మాత్రం నాకు కొంత అసంతృప్తిగానే అనిపిస్తుంది. ఆ ఇద్దరు అన్నదమ్ముల ఆరుగురు కొడుకుల చేతులు అందులో కలిసిపోయాయి. కానీ వాటిని విడదీసే ఆధారం దొరికేదాకా, ఊహతో విడదీయడం కంటే అలా ఉంచడమే నిజాయితీ.

ఆచార్యుడిగా ఆయన జీవితమంతా పంజాబ్ విశ్వవిద్యాలయంలోనే గడిచింది. అక్కడ లలితకళల విభాగాన్ని, దానికి అనుబంధంగా ఒక మ్యూజియాన్ని నిర్మించారు. హైడెల్‌బర్గ్, పెన్సిల్వేనియా, బర్కిలీ, జ్యూరిక్ విశ్వవిద్యాలయాలు పిలిస్తే వెళ్ళి పాఠాలు చెప్పి, మళ్ళీ చండీగఢ్ వచ్చేవారు. ఆ నగరంలో ఆయన ఉండిపోవడం నాకు సబబుగా తోస్తుంది. లే కార్బూజియే రూపకల్పన చేసిన చండీగఢ్ ప్రభుత్వ మ్యూజియం 1968లో, అంటే ఆయన వ్యాసం వచ్చిన ఏడాదే, తెరుచుకుంది. అందులోని సేకరణకు పునాది లాహోర్ మ్యూజియం. విభజనలో ఆ మ్యూజియం వస్తువులను కూడా పంచారు. అరవై పాళ్ళు పాకిస్తాన్‌కు, నలభై పాళ్ళు భారతదేశానికి. ఊరు వదిలి వచ్చిన పిల్లవాడు, తనలాగే సరిహద్దు దాటి వచ్చిన బొమ్మల మధ్య పెద్దవాడయ్యాడు.

క్యూరేటర్ అనే మాటకు మనకు ఇంకా సరైన తెలుగు మాట కుదరలేదు. ప్రదర్శనకు వస్తువులను ఎంచి, వాటిని ఏ వరుసలో పెడితే ఏ అర్థం వస్తుందో ఆలోచించి అమర్చే పని అది. ఆ పనిలో గోస్వామి చేసిన సాహసాల్లో మొదటిది 1986లో, ఫ్రాన్స్‌లో భారతీయ ఉత్సవాల సందర్భంగా పారిస్‌లోని గ్రాన్ పలేలో జరిగిన ప్రదర్శన. అదే సంవత్సరం అది శాన్ ఫ్రాన్సిస్కో ఆసియా కళల మ్యూజియానికి కూడా వెళ్ళింది. అప్పటివరకు విదేశాల్లో భారతీయ కళను చూపడమంటే మౌర్యులు, కుషాణులు, గుప్తులు, చోళులు అని కాలక్రమంలో నడిపించడమే. ఆయన ఆ వరుసను పూర్తిగా పక్కన పెట్టి, శిల్పాలను, చిత్రాలను నవరసాల ప్రకారం అమర్చారు. శృంగారంతో మొదలై శాంతంతో ముగిసే గదుల్లో, వెయ్యేళ్ళ ఎడమున్న ఒక రాతి శిల్పం, ఒక కాగితపు చిత్రం పక్కపక్కన నిలబడ్డాయి.

రసం గురించి మన తెలుగువారికి చెప్పనక్కరలేదు. బడిలో నవరసాల పేర్లు వల్లె వేశాము. పద్యం చదివినా, కూచిపూడి చూసినా ఆ మాటలతోనే మెచ్చుకుంటాము. కానీ బొమ్మ దగ్గరకు వచ్చేసరికి మనం ఆ మాటలను గుమ్మం బయటే వదిలేసి, ఎవరు కట్టించారు, ఏ శతాబ్దం అని మాత్రమే అడుగుతాము. గోస్వామి వాదం ఏమిటంటే, ఆ బొమ్మలను చేయించినవారు, చేసినవారు, చూసినవారు రసాస్వాదన కోసమే వాటిని కోరుకున్నారు కనుక, మనమూ ఆ ద్వారం గుండానే లోపలికి వెళ్ళాలి. ఇందులో ఒక ప్రమాదం ఉంది, అది నాకు స్పష్టంగా కనిపిస్తుంది. ఒక చిత్రానికి ఒకే రసం ఉండదు. దానికి కరుణ అని చీటీ అంటించగానే, అందులో దాగిన అద్భుతం చూపరికి కనబడకపోవచ్చు. అయినా, చూపరిని తేదీల నుంచి విడిపించి తన గుండెలో ఏం కదిలిందో తననే అడగమన్న ఆ ప్రదర్శన ఎంతో అవసరమైనదని నేను అనుకుంటాను. సహృదయుడు అనే మాటను మనం సాహిత్యానికే పరిమితం చేశాము. ఆయన దానిని మ్యూజియం గదిలోకి తీసుకువచ్చారు.

రీట్‌బర్గ్ మ్యూజియం సంచాలకుడు ఎబర్‌హార్డ్ ఫిషర్‌తో ఆయనకు దశాబ్దాల స్నేహం. వారిద్దరూ కలిసి పహాడీ చిత్రకారుల మీద చేసిన ప్రదర్శన, 1992లో ఇంగ్లీషులో వచ్చిన దాని గ్రంథం, కొండసీమ చిత్రాలను చిత్రకారుల పేర్లతో, కుటుంబాలతో చూపించాయి. 2011లో ఆ ఆలోచన ఇంకా విస్తరించింది. ముందు జ్యూరిక్‌లో, తరువాత న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిగిన ఆ ప్రదర్శనలో, 1100 నుంచి 1900 దాకా ఎనిమిది వందల ఏళ్ళ భారతీయ చిత్రకళను నలభైమందికి పైగా చిత్రకారుల వరుసగా, సుమారు 220 చిత్రాలతో నిలబెట్టారు. ఆ క్యూరేటర్లలో గోస్వామి ఒకరు. మొఘల్ శైలి, దక్కనీ శైలి, రాజస్థానీ శైలి అన్న బోర్డుల స్థానంలో మనుషుల పేర్లు వచ్చాయి. హరిద్వార్‌లో ఒక బహీ మూట విప్పడంతో మొదలైన పని, న్యూయార్క్ గోడ మీద పేరు రాయడం దాకా వచ్చిందని అనుకుంటే, మధ్యలో గడిచిన నలభై మూడేళ్ళ శ్రమ ఎటువంటిదో తెలుస్తుంది.

ఇంత పాండిత్యం ఉన్నవారు సాధారణంగా పండితుల కోసమే రాస్తారు. గోస్వామి చాలా ఏళ్ళు చండీగఢ్ నుంచి వచ్చే ట్రిబ్యూన్ దినపత్రికలో కళల గురించి శీర్షిక నడిపారు. కాఫీ తాగుతూ పేపరు తిరగేసే మనిషికి ఒక చిన్న చిత్రం దగ్గర రెండు నిమిషాలు ఆగాలనిపించేలా రాయడం, పరిశోధన గ్రంథం రాయడం కంటే తక్కువ పనేమీ కాదు. 2014లో వచ్చిన ఆయన పుస్తకం 101 చిత్రాల గురించి. నా దగ్గర ఉన్న ఆ ప్రతి అట్ట ఊడిపోయింది. దానిలో ఆయన పద్ధతి ఎప్పుడూ ఒకటే: ముందు చూడు, తరువాత ఇంకాస్త దగ్గరగా చూడు, ఆ తరువాతే ఏమి తెలుసో చెప్పుకుందాం. ఈ చిత్రాలు గోడకు తగిలించడానికి గీసినవి కావు. చేతిలో పట్టుకుని, ఒకరో ఇద్దరో కూర్చుని, తీరికగా చూసుకోవడానికి గీసినవి. ఆ చూపు వేగం మనకు తప్పిపోయిందని ఆయన బెంగ. ఆ పుస్తకం చదివాక నేను రెండు వందల రూపాయలు పెట్టి ఒక భూతద్దం కొన్నాను. ఇప్పుడు ఏ మ్యూజియానికి వెళ్ళినా అది నా జేబులో ఉంటుంది. చండీగఢ్ మ్యూజియంలో ఒక మధ్యాహ్నమంతా అయిదు చిత్రాల ముందే గడిపాను.

ఇదంతా చదివినప్పుడు మన ఇంటివైపు చూడకుండా ఉండలేము. లేపాక్షి వీరభద్రాలయం కట్టించిన విరూపణ్ణ పేరు మనందరికీ తెలుసు. ఆయన కళ్ళ కథ పిల్లలకు కూడా చెబుతాము. ఆ మండపాల కప్పు మీద అంచు అంచుకూ మారే చీరల డిజైన్లు, కొనదేలిన తలపాగాలు గీసిన చేతుల్లో ఒక్కదాని పేరు కూడా మనం చెప్పలేము. చేర్యాల పటాలు గీసే నకాషీలది కుటుంబ విద్య. ఏ కులానికి ఏ కథ పటం ఎలా గీయాలో తండ్రి కొడుకుకు నేర్పుతూ వచ్చాడు. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారి ఇళ్ళూ అంతే. వారి పాత తరాల పేర్లు, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊరివారు ఏ పటం చేయించారు అన్నది పటం కథ చెప్పేవారి నోట, పాత బాకీ చీటీల్లో, దేవస్థానాల లెక్కల్లో, కైఫీయతుల్లో, గయ కాశీ పండాల పుస్తకాల్లో ఎంతో కొంత ఉండే ఉంటుంది. చేర్యాల శైలి, కాళహస్తి శైలి అని ఊరి పేరు చెప్పి ఆగిపోవడం, 1968కి ముందు పహాడీ చిత్రాల విషయంలో పండితులు చేసినదే. చరిత్ర, చిత్రలేఖనం రెండూ చదివిన మన యువ పరిశోధకులు ఒక్కరైనా ఈ పని చేపడితే, ఎండలో వెంట తిరిగి మూటలు మోయడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఈ మాట మర్యాదకు అంటున్నది కాదు.

గయలో ఆ రోజు పండా గారు తాతగారి పేజీకి ఎదురుగా ఉన్న ఖాళీ చూపించి, మా వివరాలు రాయమని నాకు పెన్ను ఇచ్చారు. నాన్నగారి పేరు, మా అన్నదమ్ముల పేర్లు, పిల్లల పేర్లు రాశాను. మా ఆడపిల్లల పేర్లు కూడా రాస్తానంటే ఆయన ఒక్క క్షణం ఆగి, రాయమన్నారు. సంతకం చేసి, తేదీ వేసి ఇచ్చేశాను. తాతగారు రాసినట్టు వృత్తి ఏమిటో రాయాలని అప్పుడు నాకు తోచలేదు. వచ్చే భాద్రపదంలో, మహాలయ పక్షానికి, అన్నయ్యా నేనూ మళ్ళీ గయ వెళుతున్నాము. ఆ పేజీ తెరిపించి, నా పేరు పక్కన ఉపాధ్యాయుడు అని రాయాలి. అన్నయ్య పేరు పక్కన, అతను నలభై ఏళ్ళు సినిమా బోర్డులు, షాపుల బోర్డులు రాసి మమ్మల్ని చదివించినవాడు కనుక, చిత్రకారుడు అని రాయాలి.